మూడక్షరాల దూరం

అంబత్తూరు ఎస్టేట్‌లో
పంపుల ఫ్యాక్టరీ మేడ మీద నా బల్ల.
దేవసహాయం సారు రిటైరవుతూ
నాకు ఇచ్చిపోయినవి రెండే:
ఇత్తడి పేపర్ వెయిటు, ఒక మాట.
"ధర ఎంత అని అందరూ అడుగుతారమ్మా,
ధర ఎక్కడ అని నువ్వడుగు."

అది అర్థం కావడానికి నాకు
నలభై పెట్టెల తుప్పు పట్టింది.

పన్నెండు వందల షాఫ్టులు కావాలి.
మూడు కొటేషన్లు, ఒక పెద్ద కాగితం,
నిలువు గీతలు, అడ్డగీతలు.
ఎడమ కొసన ఏకాంబరం.
మా వెనక వీధిలోనే రెండు లేతు మిషన్లు,
తారీఖు వేయని లెటర్‌హెడ్,
దాని మీద నూనె బొటనవేలు.
ముక్కకు తొమ్మిది వందల అరవై.
మధ్యన కోయంబత్తూరు వాళ్ళు.
ధర వాళ్ళ గేటు దగ్గర:
లారీ మనది, ఎక్కించే కూలీ మనది,
దారిలో కురిసే వాన కూడా మనదే.
కుడి కొసన కీలుంగ్ రేవు,
ఏడు వందల పది, ఎఫ్.ఓ.బి.
మద్రాసు రేవు దాకా బాడుగ, బీమా కలిపితే
ఏడు వందల ఎనభై అన్నారు వాళ్ళే.
ఆ వరసని ఎర్ర సిరాతో కొట్టేశాను.
బాడుగ నేనే మాట్లాడాను, ముక్కకు నలభై.
బీమా సంగతి సోమవారం చూద్దామనుకున్నాను.
ఏ సోమవారమో రాసుకోలేదు.

ముప్పై ఆరు వేలు మిగిల్చానని
మీటింగులో చప్పట్లు.

ఏకాంబరానికి మార్కులు తక్కువొచ్చాయి.
సర్టిఫికెట్టుకి సున్నా, టర్నోవరుకి రెండు.
కొరట్టూరు సబ్‌వే మునిగిన రాత్రి
ఆరు షాఫ్టుల్ని పాత ట్యూబుల్లో చుట్టి
నడుము లోతు నీళ్ళలో మోసుకొచ్చాడు చూడండి,
దానికి ఆ ఫారంలో గడి లేదు.

లింగిచెట్టి వీధి నుంచి నసీరుద్దీన్ ఫోను:
"మేడం, కంటైనరు కప్పులో చిల్లు.
పెద్దదేం కాదు, వేలు పడుతుంది."
మాధవరం గోడౌనులో తలుపు తీస్తే
టీ రంగు నీళ్ళు, వాటిలో మా ఇనుము.
కొన్నప్పుడేమో పండగ,
తుక్కుకి అమ్మబోతే అడివి.

మిస్ లిన్ ఎంతో మర్యాదగా రాసింది:
ఓడ మీద దించేటప్పటికి సరుకు బాగుంది,
కెప్టెను సంతకం జతచేశాను.
ఆమె తప్పేం లేదు. అదే బాధ.

ఒకప్పుడు ఓడ అంచు దాటితే చాలట.
క్రేను కొక్కేనికి వేలాడే పెట్టె
గాలిలో ఊగుతూ ఊగుతూ యజమానిని మార్చుకునేది.
ఇప్పుడా గీత తీసేశారు,
సరుకు ఓడ మీద ఆనాలి.
ఆనిన క్షణం ఏ గంటకో లెక్కవేశాను.
నేను క్యాంటీన్‌లో ఉన్నాను.
పెరుగన్నం, మాగాయ టెంక.
ఎన్నడూ చూడని సముద్రం మీద
తొమ్మిది టన్నుల ఇనుము నాదైంది,
చెయ్యి కడుక్కోకముందే.

సాయంత్రం ఒక షాఫ్టు సంచిలో వేసుకుని
వెనక వీధికి వెళ్ళాను.
ఏకాంబరం గోటితో గీకాడు,
వెలుతురుకి పట్టి తిప్పాడు.
"పైపైనే తిన్నది. ఒక నూలు తగ్గించి
చిన్న పంపులకి వాడుకోండి,
ఓ మూడొందలు మాత్రం పోయినట్టే."
మీ దగ్గరెందుకు కొనలేదో చెప్పబోయాను.
లేతు ఆన్ చేశాడు.

అది ఆగాక, అలవాటుకొద్దీ
"ధర ఎంత?" అన్నాను.
నాలిక కరుచుకుని, "ధర ఎక్కడ?" అన్నాను.
సగం తమిళంలో నానిన తెలుగులో నవ్వాడు:
"ఎక్కడేముంది, మీ మెట్ల దాకా.
మేడ ఎక్కించేది మాత్రం మీ పిల్లకాయలే."

ఆర్డరులో అలాగే కొట్టాను.
డెలివరీ షరతు: మెట్ల దాకా.

కంప్యూటరు ఒప్పుకోలేదు.
ఆ గడిలో
మూడక్షరాలే పడతాయంది.